లిస్టు మామ

క్రికెట్ చూసేవాళ్లు మన దగ్గర ఇంటికి నలుగురుంటారు. ఆడేవాళ్లను వదిలేసి, ఆడబోయేవాళ్లను చూసేవాడు మాత్రం చుట్టాలందరినీ కలిపితే ఒక్కడుంటాడు. మా చుట్టాల్లో ఆ ఒక్కడు మా చిన్న మేనమామ, సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసామి. ట్రావిస్ హెడ్ సిక్సరు కొడితే మామ తల తిప్పడు. వెనక వరుసలో నీళ్ల సీసా పట్టుకుని కూర్చున్న పిల్లవాడి మీద కెమెరా కాసేపు ఆగిందా, కుర్చీలోంచి లేచి నిలబడతాడు. "ఆగు ఆగు, గా పోరడే! రాసిపెట్టుకో అల్లుడా, మూడేండ్లల్ల ఇండియాకు ఆడుతడు." నన్ను రాసిపెట్టుకోమనడం మర్యాదకే. అప్పటికే ఆయన రాసిపెట్టి ఉంటాడు.

ఆ రాతంతా సాంచెల లెక్క పుస్తకంలోనే. ముందు నుంచి తెరిస్తే ఏ సాంచె మీద ఎన్ని మీటర్లు దిగాయి, సేటు ఎన్ని బీములు ఇచ్చాడు, ఎవరికి ఎంత అడ్వాన్సు పోయింది. వెనక నుంచి తెరిస్తే సన్‌రైజర్స్ హైదరాబాద్ కుర్రాళ్లు, ఒకటి నుంచి పది దాకా. పెన్సిలుతో రాస్తాడు. చెరిపి రాసి, చెరిపి రాసి నాలుగో నంబరు దగ్గర కాగితానికి చిల్లు పడింది. 2025లో ఆ చిల్లు పక్కన ఎక్కిన పేరు స్మరణ్ రవిచంద్రన్. ఆడం జంపాకు దెబ్బ తగిలితే అతని బదులు స్మరణ్‌ను తీసుకున్నారు. ఒక్క మ్యాచ్ ఆడకముందే స్మరణ్‌కూ దెబ్బ తగిలింది, అతని బదులు హర్ష్ దూబే వచ్చాడు. మామ తప్పంతా చిల్లు మీదికే నెట్టాడు: "గా జాగల ఎవని పేరు రాసినా నిలుస్తలేదు." ముందు లెక్కలూ వెనక లెక్కలూ పుస్తకం మధ్యలో ఎదురుపడిన రోజున ఒక కార్మికుడి అడ్వాన్సు కింద ఆరు కోట్లు పడింది. అది నితీశ్ కుమార్ రెడ్డిది.

లిస్టుకు కట్టుబాట్లున్నాయి. ఇరవై మూడేళ్లు దాటొద్దు. వేలంలో కోట్లు పలికినవాడికి మార్కులు తక్కువ, లక్షల్లో దొరికినవాడికి ఎక్కువ. పేరు దేశమంతా తెలిసిపోతే కొట్టెయ్యాలి. అందరికంటే ముందు మామే చూసి ఉండాలి. అసలు కట్టుబాటు ఇదొక్కటే, మిగతావి దీని చుట్టూ పెట్టిన దడి. మొదట ఇరవై లక్షలకే దొరికిన నితీశ్ అంటే మామకు ప్రాణం. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఆ పిల్లవాడు 114 కొట్టాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే మామ పుస్తకం తెరిచి ఆ పేరు మీద గీత గీశాడు. "ఇగ వాడు అందరోడైండు" అన్నాడు, బిడ్డను అత్తగారింటికి సాగనంపినట్టు. ఊరంతా అభిషేక్‌నూ హెడ్‌నూ క్లాసెన్‌నూ కాటేరమ్మ కొడుకులని నెత్తిన పెట్టుకుంటుంది. మామకు మాత్రం ఇంకా పేరు పడని కొడుకులే కావాలి.

ఈ జబ్బు అంటుకున్న తేదీ కూడా దాదాపుగా తెలుసు. 2002లో పదిహేడేళ్ల అంబటి రాయుడు హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద ఒకే రంజీ మ్యాచ్‌లో 210, మళ్లీ 159 నాటౌట్ కొట్టాడు. పేపర్లో చదివిన మామ ఆ రోజే జోస్యం చెప్పాడట. రాయుడు తర్వాత ఆరు ఐపీఎల్ ట్రోఫీలు ఎత్తాడు, ఒక్క టెస్టు కూడా ఆడలేదు. దాంతో మామకు రెండు చేతులా లాభమే. ట్రోఫీల మాట వస్తే "నేను అప్పుడే చెప్పిన", టెస్టుల మాట వస్తే "సెలెక్టర్లు నాశనం జేసిండ్రు". జోస్యం తప్పడమనేది మామ చరిత్రలో లేదు.

ఉమ్రాన్ మాలిక్ దగ్గర మాత్రం కాస్త తగ్గుతాడు. 2022లో ఉమ్రాన్ 157 కిలోమీటర్ల వేగంతో బంతి వేసి, 22 వికెట్లు తీసి, ఆ ఏటి వర్ధమాన ఆటగాడి అవార్డు పట్టుకుపోయాడు. మామ లిస్టులో ఒకటో నంబరుకు, రెండో నంబరుకు మధ్య మూడు గీతలు ఖాళీ వదిలాడు, అంత తేడా ఉందని. రెండేళ్లు తిరిగేసరికి హైదరాబాద్ వదిలేసింది, వేలంలో కోల్‌కతా 75 లక్షలకు తీసుకుంది. ఆ మూడు ఖాళీ గీతల్లో ఇప్పుడు పాలవాడి లెక్క ఉంది.

మామకు సరిజోడు కోరుట్లలో ఉన్నాడు. ఆయన తోడల్లుడే. వీళ్లిద్దరూ ఒక పెళ్లిలో కలిశారంటే తలంబ్రాలు ఎప్పుడు పడ్డాయో, అప్పగింతలు ఎప్పుడయ్యాయో ఇద్దరికీ తెలియదు. 2014లో ఐపీఎల్ మొదటి మ్యాచులు యూఏఈలో జరిగినప్పుడు ఆ తోడల్లుడు షార్జాలో పనిలో ఉన్నాడు, స్టేడియంలో కూర్చుని చూశాడు. ఆ టికెట్టు ముక్క బలం ఇప్పటికీ తగ్గలేదు.

"నువ్వు టీవీల జూసినవ్. నేను కండ్లార జూసిన."

"ఏం జూసినవ్? మ్యాక్స్‌వెల్ మనోళ్లను ఉతికింది జూసినవ్."

నిజమే, పంజాబ్ తరఫున మ్యాక్స్‌వెల్ ఆ రోజు 95 కొట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ పాయసం దాకా మాట్లాడుకోరు. పాయసం దగ్గర మళ్లీ మొదలు, ఈసారి తిలక్ వర్మ. హైదరాబాద్ పిల్లవాడు, 2022 నుంచి ముంబైకి ఆడుతున్నాడు, ఎవరి లిస్టులోకి వస్తాడు? దాని మీద ఇద్దరిదీ ఒకటే మాట: అన్యాయం.

2024 నవంబరులో రెండు రోజులు వేలం జరిగినప్పుడు మామ సాంచెలు బంద్ పెట్టించాడు. కరెంటు పోయిందని సేటుకు చెప్పాడు, టీవీ మాత్రం నడుస్తూనే ఉంది. వేలం జెడ్డాలో. మా బంధువుల అబ్బాయి రియాద్‌లో డ్రైవరు. మామ ఫోన్ కలిపాడు: "సౌదీలనే ఉన్నవ్ గదరా, జెర పోయి సూడు, లోపల మనోళ్లు ఏమనుకుంటున్నరో." రియాద్‌కూ జెడ్డాకూ మధ్య ఎడారి దాటుకుని తొమ్మిది వందల కిలోమీటర్లకు పైనే. "ఏమైతది, బండి నీ చేతిలనే ఉన్నది గదా" అన్నాడు మామ. రెండో రోజు ముప్పై లక్షలకు అనికేత్ వర్మను హైదరాబాద్ కొన్నది. ఈ పిల్లవాడు మధ్యప్రదేశ్ లీగులో 41 బంతుల్లో 123 కొట్టాడని మామకు అప్పటికే తెలుసు. ఎట్లా తెలుసో నాకు అర్థం కాదు. అత్తమ్మ పుట్టినరోజు ఏటా మరిచిపోయే మనిషి.

2025 మార్చి 30న విశాఖలో ఢిల్లీ మీద అనికేత్ 41 బంతుల్లో 74 కొట్టాడు. స్టార్క్ అయిదు వికెట్లు తీశాడు, హైదరాబాద్ ఓడిపోయింది. మామ వీధిలో మిర్చి బజ్జీలు పంచాడు. "ఓడిపోయినం గదనే మామా" అంటే, "ఓడిపోయింది టీము" అన్నాడు.

బజ్జీల బిల్లు చూశాక అత్తమ్మ కొండగట్టు మొక్కుకుంది. అంజన్న సన్నిధిలో మండలం రోజులుంటే మతి తప్పినవాళ్లు కుదురుకుంటారని మా దిక్కు నమ్మకం. అత్తమ్మ ఆ మాట పైకి అనలేదు. గుట్ట మీద గది అద్దె ఎంతో మాత్రం అడిగి పెట్టుకుంది. ఏప్రిల్ 12, చిన్న జయంతి. దీక్ష విరమించడానికి వచ్చిన స్వాములతో గుట్టంతా కాషాయం. క్యూలైన్లో మామ ముందున్న జగిత్యాల స్వామితో మాట కలిపాడు. మాల మీద ఉన్నవాళ్లతో గొంతు పెంచకూడదు కాబట్టి పంచాయితీ అంతా మర్యాదగానే నడిచింది.

"అనికేత్‌ను ఒకటో నంబరు ఎట్ల జేస్తవ్ స్వామీ?"

"జీషాన్ అన్సారీని ఎట్ల ఇడిచిపెడ్తవ్ స్వామీ?"

ఈలోగా కోతి వచ్చి మామ చేతిలోని కొబ్బరి చిప్ప ఎత్తుకుపోయింది. ఆయన చేయి అట్లాగే చాపి ఉంది, మాట ఆగలేదు. లోపల అర్చకులు గోత్రం, పేరు అడిగారు. మామ గోత్రం తనది చెప్పాడు, పేరు అనికేత్ వర్మది చెప్పాడు. వెనక నిలబడ్డ అత్తమ్మ స్వామి వైపు చూసిన చూపులో మొక్కు కంటే ఫిర్యాదే ఎక్కువ.

ఆ రాత్రే ఉప్పల్‌లో పంజాబ్ 245 కొట్టింది, అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 బాది దాన్ని తీసి పక్కన పెట్టాడు. తిరుగు దారిలో ఫోన్లలో చూస్తూ పిల్లలు ఎగురుతుంటే మామ ముఖం చిన్నబోయి ఉంది. రెండు వికెట్లే పడ్డాయి, అనికేత్‌కు బ్యాటింగ్ రాలేదు. సెంచరీ కాగానే అభిషేక్ జేబులోంచి చీటీ తీసి చూపించినప్పుడు మాత్రం ఒక్క మాటన్నాడు: "కాయితం మీద రాసుకునుడు మంచి అలవాటు."

తను ఒంటరి కాదని మామకు తెలిసింది మా పెద్దమ్మ కొడుకు వల్ల. వాడు టొరంటోలో ఉంటాడు. అక్కడ ఐస్ హాకీ టీములు ఏటా పద్దెనిమిదేళ్ల పిల్లలను ఏడు రౌండ్లలో ఎంచుకుంటాయట, అభిమానులు కూర్చుని వాళ్లకు నంబర్లు వేసుకుంటారట. మామ ఆట సంగతి అడగలేదు. "ఆఖర్ల దీసుకున్నోడు ఎవడన్న పెద్దోడైండా?" అన్నాడు. అయ్యాడు. 1999లో డెట్రాయిట్ 210వ నంబరులో తీసుకున్న హెన్రిక్ జెటర్‌బెర్గ్ తర్వాత ఆ టీముకే కెప్టెన్. మామ కళ్లు మెరిశాయి. మంచు మీద ఆడే ఆటను ఒక్కసారీ చూడని మనిషి ఇప్పుడు వీడియో కాల్లో కుర్రాళ్ల ఫొటోలు చూసి భుజాల వెడల్పును బట్టి నంబర్లు చెబుతున్నాడు.

ఇంట్లో ఆయనకు ఎదురు నిలిచేది అత్తమ్మే. 2025 ఫిబ్రవరిలో కౌలాలంపూర్‌లో భద్రాచలం పిల్ల గొంగడి త్రిష అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లో 15 పరుగులకు మూడు వికెట్లు తీసి, 44 నాటౌట్ కొట్టి, టోర్నీకే ఉత్తమ క్రీడాకారిణి అయింది. కండెలు చుడుతూ అత్తమ్మ తల ఎత్తకుండానే అడిగింది: "ఏమయ్యా, ఈ పిల్ల నీ పుస్తకంల ఎన్నో నంబరు?" పుస్తకంలో ఆడపిల్లల పేజీయే లేదు. మర్నాడు పేజీ పడింది. మొదటి పేరు కాడ త్రిష ఉంటుందనుకున్నాం. లేదు, ఆమె పేరు దేశమంతా తెలిసిపోయిందట.

చుట్టాల పిల్లలకు కూడా లిస్టుంది. పదో తరగతిలో బడికి ఫస్టు వచ్చినప్పుడు నాది ఒకటో నంబరు, కలెక్టరునవుతానని. పత్రికలకు రాయడం మొదలుపెట్టాక ఏడుకు జారాను. ఆరో నంబరు మా తమ్ముడి కొడుకుది. వాడికింకా మాటలు రాలేదు, కానీ గిలక్కాయను ఎడమచేత్తో విసిరాడట. ఆ విసురు నేనూ చూశాను. మామ పొరబడ్డాడు, వాడికి మూడు ఇయ్యాలి.

సిరిసిల్ల దిక్కు వస్తే మామ ఇంటికి రండి. చాయ్ పోస్తాడు, సాంచెలు చూపిస్తాడు, మంచి మనిషి. పిల్లలను మాత్రం ఇంట్లో విడిచి రండి.