బావగారి 8.33

మా బావ జురాంగ్ వెస్ట్‌లో పైలట్. జీతమిచ్చే ఉద్యోగం వేరే ఉందనుకోండి, అది ఆయన లెక్కలోకి రాదు. సింగపూర్ హౌసింగ్ బోర్డు కొత్త ఫ్లాట్లలో ఇనుప తలుపుతో ఒక షెల్టర్ గది ఉంటుంది. బాంబులు పడితే తలదాచుకోవడానికి కట్టింది. మనవాళ్ళు అందులో బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పెట్టుకుంటారు. ఈయన మా అక్క సామానంతా హాల్లోకి గెంటి, అక్కడ ఫ్లైట్ సిమ్యులేటర్ కాక్‌పిట్ పెట్టాడు. "ఏమండీ, చారు చల్లారిపోతోంది" అని అక్క తలుపు కొడితే లోపల్నుంచి "స్టాండ్‌బై" అని వినబడుతుంది.

ఇంటికొచ్చినవాళ్ళకి ఎవరైనా ఫ్లాటు చూపిస్తారు. ఈయన రేడియో చూపిస్తాడు. "ఏరా, ఆ చిన్న నాబ్ తిప్పు." తిప్పుతాం. 118.005. టక్. 118.010. టక్. 118.015. టక్. 118.025. "మధ్యలో 020 ఏమైందిరా?" జవాబు తెలీనివాణ్ణి భోజనానికి లేవనివ్వడు.

సంగతేమిటంటే, విమానాలవాళ్ళు మాట్లాడుకోవడానికి దక్కింది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకే. ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య ఒకప్పుడు 100 కిలోహెర్ట్జ్ వదిలేవారు, తర్వాత 50, ఆపైన 25. యూరప్ ఆకాశంలో రద్దీకి అదీ చాలక, 1999లో పై ఎత్తుల్లో ఆ 25ని మూడు ముక్కలు చేశారు. 2018 నాటికి కింది ఎత్తులకీ ఆ పంపకం దిగింది. బావ దీన్ని మా ఊరి భాషలో చెబుతాడు: "25 సెంట్లు ముగ్గురన్నదమ్ములు పంచుకుంటే తలా 8.33. ఈ 005, 010, 015 వాళ్ళ డోర్ నంబర్లురా, కొలతలు కావు. నాలుగోవాడు పుట్టలేదు కాబట్టి 020 లేదు. 45, 70, 95తో ముగిసేవీ అందుకే లేవు."

ఇంతవరకూ బంగారం. ఇంత తేలిగ్గా చెప్పినవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు. అక్కడితో ఆగితే దేవుడే.

ఆగడు. మా పిన్ని కొడుకు ఇంకా ఎఫ్ఎస్ఎక్స్ అనే పాత సిమ్యులేటర్ ఆడతాడు. అందులో రేడియో 118.02 అని చూపిస్తుంది. "ఇదిగో బావా, నీ 020 మా ఇంట్లో ఉంది" అన్నాడు పాపం, సరదాకి. పాత రేడియోలు చివరి అయిదుని మింగేస్తాయని, అది 118.025 అని, అసలు ఎఫ్ఎస్ఎక్స్‌కి 25 తప్ప మరోటి తెలీదని బావ అర్ధరాత్రి దాకా క్లాసు పీకాడు. వాడు ఆఖరి ఎమ్మార్టీ రైలు అందక టాక్సీ డబ్బులు కట్టుకున్నాడు.

ఇంతా చేసి ఈయన నడిపేది చాంగీ విమానాశ్రయం నుంచి విశాఖకు. చాంగీ టవర్ 118.6. ఆ దారి పొడవునా 8.33తో పనే లేదు! ఇంకో ముచ్చట. పక్కనే టెంగా వాయుసేన స్థావరం. నిజం యుద్ధ విమానాలు నెత్తిమీదుగా గర్జిస్తూ పోతుంటే, హెడ్‌సెట్‌లో టవర్ వినబడటం లేదని విసుక్కుంటూ ఇనుప తలుపు బిగించేస్తాడు. అసలు విమానం ఎక్కితే నడవ పక్క సీటే అడుగుతాడు. కాస్త కుదిపిందా, రెండు చేతులా బెల్టు పట్టుకుని గోవింద నామాలు. అప్పుడు జాలేస్తుంది. దిగగానే "ల్యాండింగ్ కాస్త గట్టిగా అయింది" అంటాడు, ఆ జాలి కాస్తా పోతుంది.

జురాంగ్ వెస్ట్ వైపు వెళ్ళే తెలుగువారికి ఒక విన్నపం. మా అక్క గోంగూర పచ్చడి తప్పక తినండి. బావ ఏమడిగినా "ముగ్గురన్నదమ్ములు" అని చెప్పి పీట మీద కూర్చోండి.