నాకు రాలేదు టీచర్, ఫోన్లో ఉంది

సాయంత్రం ఆరింటికి మా ముందు గదిలో చాప పరిచేసరికి ముందుగా వచ్చి కూర్చునేవి ఫోన్లు. పిల్లలు వాటి వెనకాల వస్తారు. శ్రుతి పెట్టెకి అటు రెండు, ఇటు రెండు, మంచినీళ్ల సీసాకి ఆనించి ఒకటి, నా కళ్లజోడు పెట్టెకి ఆనించి మరొకటి. నేను 'సా' అనగానే అవన్నీ ఒళ్లంతా చెవులు చేసుకుని వింటాయి. పిల్లలు మాత్రం ఫ్యాను వంక చూస్తుంటారు.

"ఏమ్మా, వింటున్నావా?" అంటాను.

"రికార్డవుతోంది టీచర్" అంటుంది. అడిగినదానికి జవాబు కాదది. అలాగని అబద్ధమూ కాదు.

రెండు రోజులు పోయాక నిన్నటి జంట స్వరాలు పాడమంటే తలొంచుకుని, "నాకు రాలేదు టీచర్, ఫోన్లో ఉంది" అంటుంది. ఆ ఫోనేమో వాళ్ల నాన్నగారి జేబులో, ఆయనేమో ధవళేశ్వరంలో డ్యూటీలో. అంటే మాయామాళవగౌళ ప్రస్తుతం ధవళేశ్వరంలో ఉందన్నమాట. రాత్రి ఎనిమిదింటి బస్సుకి వస్తుంది.

కొందరికి నాయనమ్మల ఫోన్లే గతి. వాటితో ఇంకో చిక్కు. ధ్రువ తాళం అలంకారం మంచి పాకంలో పడ్డ వేళకి ఫోను మోగుతుంది. రింగ్‌టోను కూడా పాటే, పైగా మా శ్రుతికి అర స్థాయి ఎత్తున. పిల్ల చటుక్కున ఎత్తి, మాట్లాడి, పెట్టేస్తుంది. "ఎవరమ్మా?" అంటే, "మా నాయనమ్మ చెల్లెలు టీచర్, బియ్యం బస్తా ఎప్పుడు పంపిస్తారని." రికార్డింగు అక్కడితో ఆగిపోతుంది. ఆ ఇంట్లో ధ్రువ తాళానికి ఇప్పటికీ సగమే అక్షరాలు.

ఇక పూర్తిగా రికార్డయినవాటిలో ఏముంటుందంటే, మా వీధి మొత్తం ఉంటుంది. కుక్కరు కూతలు, పాత ఇనుము కొంటామనే బండి మైకు, పక్కింటివాళ్ల మోటారు, మా ఆయన తుమ్ములు. వినేవాళ్లు అవి వదిలేసి సంగీతం తీసుకుంటారు కదా అనుకునేదాన్ని. డాలస్‌లో ఉన్న శిష్యురాలు ఆ నమ్మకం పోగొట్టింది. ఆ పిల్లకి కల్యాణిలో 'వనజాక్షి' వర్ణం రికార్డు చేసి పంపించాను. పల్లవి మొదటి వరస పాడేసరికి గుమ్మంలోకి కొత్తిమీర బండి వచ్చింది. చేత్తో ఆగమని సైగ చేసి, వాడు చూశాడో లేదోనని "ఊఁ" అని, రెండో వరస ఎత్తుకున్నాను. మూడు వారాల తర్వాత పిల్ల వీడియోలో పాడి వినిపించింది. మొదటి వరస బాగుంది. తర్వాత మౌనం. ఆ తర్వాత, నా శ్రుతిలోనే, నా యాసలోనే, "ఊఁ."

"అదేమిటమ్మా మధ్యలో?"

"మీరు పాడారు కదా టీచర్."

వాళ్లమ్మ పక్కనుంచి అందుకుంది. "ఆ సంగతి పట్టుకోవడానికే దానికి వారం పట్టిందండీ. సరిగ్గా వస్తోందా?"

సరిగ్గానే వస్తోంది, అదే బాధ. ఆ పిల్ల అప్పటికే చెల్లెలికి కూడా నేర్పేసింది. రేపు ఆ చెల్లెలు నలుగురికి చెప్తే, ఇంకో రెండు తరాలకి అది మా పాఠాంతరం అయిపోతుంది. ఎవరో పరిశోధకుడొచ్చి, గోదావరి బాణీలో కల్యాణి వర్ణానికి పల్లవిలో ప్రత్యేకమైన హుంకారం ఉందని వ్యాసం రాస్తాడు. కొత్తిమీరవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

యంత్రాలు లేని రోజుల్లో శిష్యులే రికార్డర్లు. త్యాగరాజస్వామి పాడుతుంటే వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ లాంటివాళ్లు రాసుకుని దాచబట్టే ఆ కృతులు మనదాకా వచ్చాయి. ఆయన మధ్యలో దగ్గి ఉంటే ఆ దగ్గు రాయకుండా వదిలేసేపాటి ఇంగితం ఆ రికార్డర్లకి ఉండేది. తాళ్లపాకవారు ఇంకా గట్టివాళ్లు, పాటల్ని ఏకంగా రాగిరేకుల మీద చెక్కించారు. మెమొరీ నిండిపోయిందని, అప్‌డేట్ అడుగుతోందని అవి ఏనాడూ మొరాయించలేదు. అయితే వాటి మీద సాహిత్యం, పైన రాగం పేరు, అంతే. పాడిన తీరు రేకు మీదికి ఎక్కలేదు. ఆ తీరును కాగితం మీద పట్టాలని సుబ్బరామ దీక్షితులుగారు కంకణం కట్టుకుని, ప్రతి గమకానికీ ఒక గుర్తు పెట్టి, 1904లో ఎట్టయపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చు వేయించారు. ఊరు తమిళనాడులో, లిపి మన తెలుగు. ఆ గుర్తులన్నీ చూసి మా శిష్యుడొకడు, "ఇవి ఎమోజీలా టీచర్?" అని అడిగాడు. కాదని చెప్పబోయి ఆగాను. ఆలోచిస్తే మరీ అంత తప్పేం కాదు.

ఆ పుస్తకానికి రెండేళ్ల ముందు, 1902 నవంబరులో, కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కంపెనీవాళ్లకి పాడింది. రికార్డు మీద పట్టేది మూడు నిమిషాలు. మన ఆలాపన గొంతు సవరించుకునే పాటి వ్యవధి. ఆవిడ ఆ మూడు నిమిషాల్లోనే రాగం, పాట, తానాలు అన్నీ కానిచ్చి, చివర ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పేది. ఆ పలకలు ఓడెక్కి జర్మనీలో హానోవర్‌కి వెళ్లేవి. అక్కడ అచ్చు వేసేవాళ్లకి ఇది ఎవరి పాటో తెలియాలి కదా మరి. ఇక్కడే నాకు ఆవిడ మీద గౌరవం పొంగిపోతుంది. మా పిల్లల ఫోన్లలో ఉన్నవన్నీ 'న్యూ రికార్డింగ్' తర్వాత ఒక అంకె. ఏ రాగమో, ఏ పాఠమో, సగమో పూర్తో ఎవరికీ తెలీదు. మోహన గీతం కావాలంటే అరవై నొక్కి చూడాలి. ఆ అరవైలో ఒకటి లెక్కల ట్యూషను.

మా మాస్టారి దగ్గర ఈ గొడవే లేదు. ఆయన ఇంట్లోకి టేప్ రికార్డర్ తేవడమంటే కోడిని తెచ్చినట్టే. "అది నేర్చుకుంటుంది, నువ్వు మోసుకుపోతావు" అనేవారు. అది ఎనభైల నాటి మాట. మా అన్నయ్య మస్కట్ నుంచి తెచ్చిన రెండు స్పీకర్ల టేప్ రికార్డర్ అటక మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. ఒక సంగతి పది సార్లు పాడించి, పదకొండోసారి తప్పు పాడితే లేచి వెళ్లి మొక్కలకి నీళ్లు పోసుకొచ్చేవారు ఆయన. ఆ నీళ్లు పోసేలోగా మనకి వచ్చి తీరాలి.

అలాంటి మాస్టారు ఒకరోజు తనంతట తానే, "అమ్మాయ్, మీ ఇంట్లో ఆ మిషనుందా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఘనరాగ పంచరత్నాలు చెప్తున్నారు. నాట, గౌళ, ఆరభి అయ్యాయి. తర్వాతది 'కనకన రుచిరా'. వరాళి. వరాళి రాగం గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చుని నేర్పితే ఇద్దరికీ చెడుతుందని పాతవాళ్ల పట్టింపు. అందుకే చాలామంది అది విని నేర్చుకున్నవాళ్లే గాని చెప్పించుకున్నవాళ్లు కారు. మాస్టారు దీన్ని నమ్మేవారా అంటే, నమ్మను అనేవారు. మరి చెప్పండి అంటే, చెప్పను అనేవారు.

టేప్ రికార్డర్ మోసుకెళ్లాను. తొంభై నిమిషాల కొత్త క్యాసెట్టు పెట్టి, ఎర్ర మీటా పక్క మీటా కలిపి ఎలా నొక్కాలో చూపించాను. "నువ్వు పోయి మీ అమ్మగారి దగ్గర కూర్చో" అన్నారు. ఆ 'మీ అమ్మగారు' అంటే ఆయన భార్య. నేను వంటింట్లో ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను, లోపల గదిలో తలుపేసుకుని మాస్టారు టేప్ రికార్డరుకి పాఠం చెప్తున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక సంగతి రెండుసార్లు పాడి, "ఏదీ, నువ్వు పాడు" అన్నారు. లోపల నిశ్శబ్దం. "ఊఁ, ఆలోచించకు, పాడు" అన్నారు. అమ్మగారు నా వంక చూసి, "పాపం, దానికి రాలేదే" అంది.

తలుపు తీసి బయటికొచ్చి, "నేను నీకు నేర్పలేదు. దానికి నేర్పాను. అది నీకు వినిపిస్తే నాకు సంబంధం లేదు" అని చేతులు కడుక్కున్నారు. ఇంటికెళ్లి రెండుసార్లు విన్నాను. మూడోసారికి ఆ టేప్ రికార్డరు క్యాసెట్టును నమిలి, రీలంతా కక్కేసింది. పెన్సిలు పెట్టి చుట్టి మళ్లీ వేస్తే మోటారు తిరగలేదు. రిపేరు షాపులో అది మరి కోలుకోలేదు. ఈ సంగతి చెప్తే మాస్టారు ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా, "చూశావా?" అన్నారు. ఇప్పటికీ త్యాగరాజ ఆరాధన గోష్ఠిగానంలో నాట దగ్గర పందిరి ఎగిరిపోయేలా పాడే జనం, వరాళికి వచ్చేసరికి పెదవులు మాత్రమే కదుపుతుంటే, వీళ్ల ఇళ్లలో ఎన్ని టేప్ రికార్డర్లు పోయాయో అనుకుంటాను.

నాకు రికార్డింగు మీద కోపం లేదు. దాన్ని తిప్పి పెట్టారన్నదే నా కంప్లయింటు. నేను పాడింది రికార్డు చేయడమెందుకు? నేను ఎలా పాడతానో నాకు తెలుసు, పక్కింటివాళ్లకి మరీ తెలుసు. పిల్ల పాడింది రికార్డు చేసి పిల్లకి వినిపించాలి. అందుకే ఈ మధ్య నెలకోసారి ఫోన్లన్నీ అటు తిప్పిస్తున్నాను. ఆ రోజు గదిలో ఉండే నిశ్శబ్దం పరీక్షల రోజున కూడా ఉండదు. మన గొంతు మనకి బయటి గాలిలోంచే కాదు, తల ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది. ఎముకలు మంద్ర నాదాన్ని బాగా మోస్తాయి కాబట్టి ఎవరికి వాళ్లం లోపల కాస్త నిండుగానే పాడుతుంటాం. ఫోనుకి మన ఎముకలతో నిమిత్తం లేదు. పీలగా, ఉన్నదున్నట్టు, నిషాదం దిగజారితే దిగజారినట్టే వినిపిస్తుంది. పిల్లలు ముందు నవ్వుతారు, తర్వాత ఎర్రబడతారు, ఆ వారం సాధకం చేస్తారు. తల్లిదండ్రులే ఒప్పుకోరు. ఒకావిడ విని, "ఫోనులో ఏదో తేడా ఉందండీ, మా పాప గొంతు ఇలా ఉండదు" అని ముప్పై వేలు పెట్టి కొత్త ఫోను కొంది. అందులో ఆ నిషాదం ఇంకా స్పష్టంగా దిగజారింది.

ఆన్‌లైన్ పాఠాలకి మాత్రం రికార్డు లేనిదే పని జరగదు, ఒప్పుకుంటాను. నేను ఇక్కడ వేసిన దెబ్బ అక్కడ పడేసరికి ఆలస్యమవుతుంది, వాళ్లది తిరిగి నాకు చేరేసరికి ఇంకా ఆలస్యం. ఇద్దరం కలిసి పాడితే ఆది తాళానికి ఎన్ని అక్షరాలో త్యాగయ్యగారు కూడా చెప్పలేరు. పైగా జూమ్ ఉంది చూశారూ, ఎడతెగకుండా ఒకే స్థాయిలో మోగేదేదైనా సరే ఫ్యాను చప్పుడే అని దాని సిద్ధాంతం. తంబురాను శుభ్రంగా ఊడ్చి పారేస్తుంది. 'ఒరిజినల్ సౌండ్' అనే మీట నొక్కితేగాని తిరిగి రానివ్వదు. అది తెలియక చాలా రోజులు శ్రుతి వేసుకో శ్రుతి వేసుకో అని నేను, వేశాను వేశాను అని ఆ పిల్ల, అర్ధరాత్రి పూట అరుచుకున్నాం.

రికార్డింగులకి కాళ్లున్నాయని కూడా ఈ మధ్యనే తెలిసింది. తణుకులో ఒక పెళ్లికి వెళితే ముక్కూ మొహం తెలియనావిడ వచ్చి కాళ్లకి దండం పెట్టింది. "మా అమ్మాయి మీ శిష్యురాలేనండీ" అంది. ఏ బ్యాచ్ అన్నాను. "మీ దగ్గరికి వచ్చే పిల్ల మా ఆడపడుచు కూతురండీ. దాని ఫోన్లోంచి మాకు వాట్సాప్‌లో వస్తాయి. నాలుగేళ్లయింది, ఇప్పుడు కృతుల్లో ఉంది." ఏకలవ్యుడు విని సంతోషించేవాడు. అతను కనీసం బొటనవేలు ఇచ్చాడు. ఇప్పటివాళ్లని అది అడగడం కూడా అన్యాయమే, ఫార్వర్డ్ నొక్కేది దాంతోనే కదా.

ఇక వార్షికోత్సవం. స్టేజీ మీద పిల్లలు, వాళ్లకీ సభకీ మధ్య తండ్రుల వరస, చేతులెత్తి నిలబడి. వెనక కూర్చున్న తాతయ్యలూ అమ్మమ్మలూ మనవరాల్ని ముందువాళ్ల ఫోన్లలో అరచేతి మందాన చూసుకుంటారు. తర్వాత ఆ వీడియోలు నాకూ పంపిస్తారు. బృందగానం ఒక్కటే, వీడియోలు ఇరవై. ఒక్కోదాంట్లో ఒక్కో పిల్ల తప్ప తక్కినవాళ్లంతా చెవులూ మోచేతులే. అన్నింటిలోనూ పాట కంటే పైకి వినిపించేది ఫోను పట్టుకున్నవాళ్ల గొంతు. "కొంచెం పక్కకి జరగండీ." "మా బుజ్జి, మా బుజ్జి." "ఛార్జర్ తెచ్చావా?"

పోయినసారి ఒక పాప హంసధ్వనిలో కృతి బ్రహ్మాండంగా పాడింది. చప్పట్లు ఆగాక వాళ్ల నాన్నగారు చెమటలు కక్కుతూ స్టేజీ ఎక్కారు. పాట మొదలవగానే మీట నొక్కారట. అప్పటికే ఆన్‌లో ఉన్నది కాస్తా ఆ నొక్కుడికి ఆగింది. అయిపోయాక ఆపుదామని మళ్లీ నొక్కితే మొదలైంది. ఉన్నదల్లా పాటకి ముందు స్టేజీ కర్టెను, పాట తర్వాత ఎవరివో చెప్పులు.

"టీచర్ గారూ, ఏమనుకోకండి. ఒక్కసారి మళ్లీ పాడించండి."

పాప సరే అంది. వయొలిన్ అబ్బాయి సరే అన్నాడు. మృదంగం ఆయన మాత్రం అప్పటికే గుడ్డ సంచీకి ముడి వేసేశారు. "వాయించడానికి నాకేం అభ్యంతరం లేదండీ. రెండో కచేరీకి రెండో సంభావన" అన్నారు.

"అయ్యో, దానికేముందండీ, ఇప్పుడే కొట్టేస్తాను" అన్నారు నాన్నగారు. మృదంగం ఆయన తన ఫోన్లో క్యూఆర్ కోడు తెరిచి చూపించారు. ఈయన తన ఫోను దాని మీద పెట్టి స్కాన్ చేసి, అంకె కొట్టి, పిన్ను కొట్టి, కల్యాణమండపంలో సిగ్నలు సరిగ్గా లేక అది గుండ్రంగా తిరుగుతుంటే కిటికీ దగ్గరికి పరిగెత్తారు. ఇక్కడ మృదంగం సంచీలోంచి బయటికొచ్చింది, పాప శ్రుతి చూసుకుని ఎత్తుకుంది. ఆయన "వెళ్లింది, వెళ్లింది!" అని అరుస్తూ తిరిగొచ్చేసరికి మేం చరణంలో ఉన్నాం.