ఎంత దూరం అని కాదు, ఎన్ని వంతెనలు అని అడగండి

వెనిస్ పేరెత్తితే చాలు, "ఆహా, పడవలో షికారు!" అంటారు మనవాళ్ళు. అలా అన్నవాళ్ళలో సగంమంది అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళొచ్చిన మిగతా సగం పడవ ఫొటో చూపించి, పిక్కల నొప్పి సంగతి దాచేశారు. ఆ ఊళ్ళో పడవలున్న మాట నిజమే. తిరగాల్సింది మాత్రం కాళ్ళతో. కార్లు లేవు, ఆటోలు లేవు, స్కూటర్లు లేవు. సైకిలు తొక్కడం మాట దేవుడెరుగు, పక్కన పెట్టుకుని నడిపించుకుపోయినా జరిమానా రాసేస్తారు.

ఊరంటే ఒక్క ఊరు కాదు. నూట పద్దెనిమిది దాకా చిన్న చిన్న లంకలు, వాటిని కలుపుతూ నాలుగు వందల పైచిలుకు వంతెనలు. బయటి ప్రపంచం నుంచి నేలమీద రావాలంటే రెండే దార్లు: 1846లో వేసిన రైలు వంతెన, దాని పక్కనే 1933లో తెరిచిన రోడ్డు వంతెన. రోడ్డు పియాజ్జాలె రోమా దగ్గర ఆగిపోతుంది, రైలు శాంటా లూచియా స్టేషన్లో ఆగిపోతుంది. అక్కణ్ణించి మీరు, మీ సామాను, మీ పూర్వజన్మ సుకృతం.

మా అబ్బాయికి మ్యూనిక్‌లో ఉద్యోగం. వాణ్ణి చూడ్డానికి వెళ్తే మమ్మల్ని రైలెక్కించి వెనిస్ బయల్దేరదీశాడు. పరాయి దేశంలో పస్తులుండకూడదన్నది మా ఆవిడ సిద్ధాంతం. అందుచేత ఎలక్ట్రిక్ కుక్కరు, సోనామసూరి బియ్యం, కందిపొడి, ఆవకాయ ఒక పెద్ద సూట్‌కేసులో మాతోపాటు ఆల్ప్స్ కొండలు దాటాయి.

"హోటలు స్టేషన్‌కి ఎనిమిది వందల మీటర్లే నాన్నా, నడిచి వెళ్ళిపోదాం" అన్నాడు మావాడు ఫోన్ చూసి.

స్టేషన్ బయటికొస్తే ఎదురుగా మెట్లు, మెట్ల కింద గ్రాండ్ కెనాల్. రోడ్డుండాల్సిన చోట నీళ్ళు, బస్సుండాల్సిన చోట పడవ. ఎనిమిది వందల మీటర్లన్నది అబద్ధం కాదు. మధ్యలో ఎన్ని వంతెనలున్నాయో మాత్రం ఆ ఫోన్ నోరు విప్పలేదు. అక్కడి వంతెన చదునుగా ఉండదు. కింద పడవ పోవాలి కాబట్టి నడుం పైకెత్తుకుని ఉంటుంది. ఇటు మెట్లెక్కాలి, అటు మెట్లు దిగాలి, ఇరవై అడుగులు వేశాక మళ్ళీ ఎక్కాలి. సూట్‌కేసు చక్రాలకి అక్కడ పనేం లేదు. నేనో పక్క, మావాడో పక్క మోశాం. మా ఆవిడ వెనకనుంచి పర్యవేక్షించింది.

"జాగ్రత్త, ఆవకాయ అడుగునుంది!"

రెండో వంతెన దగ్గరా ఇదే హెచ్చరిక. మూడో దాని దగ్గరా ఇదే. "మీ నడుం జాగ్రత్త" అన్న మాట ఆఖరి వంతెన దాకా వినపడలేదు.

అంతలో వెనకనుంచి "అత్తెంజియోనె!", అంటే జాగ్రత్త, అని కేక. గోడకి అతుక్కుపోయాం. ఒకతను మంచినీళ్ళ సీసాల పెట్టెలు ఛాతీ ఎత్తున పేర్చిన తోపుడుబండితో వస్తున్నాడు. ఈ సరుకు వంతెనెలా ఎక్కిస్తాడా అని నోరు తెరుచుకుని చూశాం. బండికి రెండు పెద్ద చక్రాలు కాక ముందువైపు రెండు బుల్లి చక్రాలున్నాయి. బండి ముందుకి వంచి ఆ బుల్లి చక్రాల్ని పైమెట్టు మీద ఆన్చాడు, బరువు వాటి మీదకి వెళ్ళింది, పెద్ద చక్రాలు గాల్లోకి లేచి పైమెట్టెక్కాయి. ఇంకో మెట్టు, ఇంకో మెట్టు. చూస్తుండగానే అవతలికి దిగిపోయాడు. మావాడు ఇంజినీరు.

"సూట్‌కేసులు చేసేవాళ్ళు ఇది చూడాలి నాన్నా" అన్నాడు పరవశంగా.

"వాళ్ళు చూసేలోగా నువ్వు ఆ చివర పట్టుకో" అన్నాను.

ఇక అడ్రసు. మన దగ్గర ఇల్లు దొరక్కపోతే కనీసం వీధన్నా దొరుకుతుంది. వెనిస్ ఆరు పేటలు. చాలాచోట్ల అడ్రసంటే పేట పేరు, ఒక నంబరు, అంతే. నంబర్లు వీధి వీధికీ ఒకటినుంచి మొదలవవు. పేట మొత్తానికీ ఒకటే వరస. కాస్తెల్లో అనే పేటలో ఆ వరస ఆరు వేల ఎనిమిది వందలు దాటుతుంది. సందులోంచి సందులోకి, చావడి కిందనుంచి పెరట్లోకి ఆ అంకెలు పాకుతూ పోతాయి. పక్కపక్క గుమ్మాలకి వందల తేడా ఉన్నా ఎవరూ కంగారుపడరు. పోనీ వీధి పేరు పట్టుకుందామంటే "కాలె దెల్ ఫోర్నో", అంటే రొట్టెల బట్టీ సందు, పేట పేటకీ తగుల్తుంది. పూర్వం ప్రతి పేటకీ బట్టీలుండేవి మరి.

ఫోన్‌ని నమ్ముకుంటే అదింకో బాధ. ఎత్తైన గోడల మధ్య ఇరుకు సందుల్లో సిగ్నల్ చెదిరిపోతుంది. కాలె వారిస్కో అనే సందైతే ఇరుకైన చోట 53 సెంటీమీటర్లే. అలాంటి చోట్ల ఫోన్లో నీలం చుక్క మనల్ని కాలవ నడిమధ్యలో నిలబెడుతుంది. మనం చూసుకుంటే పొడిగానే ఉంటాం.

గోడల మీద పసుప్పచ్చ బోర్డులుంటాయి: రియాల్టో ఇటు, సాన్ మార్కో ఇటు అని. కొన్ని కూడళ్ళలో ఒకే చోటికి ఎడమకో బాణం, కుడికో బాణం వేసి ఉంటుంది. రెండూ నిజమే, ఎటు పోయినా చేరతాం. ఎవరినన్నా అడిగితే "సెంప్రె ద్రిత్తో", నేరుగా పొండి, అంటారు. ఆ ఊళ్ళో నిటారుగా ఉన్నవి గంటస్తంభాలే. వాటిలోనూ కొన్ని ఒరిగున్నాయి.

ఇంత గందరగోళం ఎందుకంటే, ఊరు కట్టినవాళ్ళు మన కాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు. గ్రాండ్ కెనాల్ వెంట భవంతుల సింహద్వారాలన్నీ నీళ్ళవైపే ఉంటాయి. రంగురంగుల చారల గుంజలు, నీళ్ళలోకి దిగే మెట్లు, ముఖమంటపాలు అన్నీ అటే. పెద్దమనుషులు పడవలో వచ్చేవారు. సందులోకి తెరుచుకునేది పెరటి తలుపు. మనం రోజంతా తిరిగేది ఆ పెరటి దోవల్లో. ఎవరింటికైనా పెరటి దారిన వెళ్తే తికమకపడమూ!

సింహద్వారాలు చూడాలంటే వాపొరెత్తో ఎక్కాలి. అది నీళ్ళమీద సిటీ బస్సు. ఒకటో నంబరు పడవ, తిరగేసిన ఎస్ అక్షరంలా వంకర తిరిగిన గ్రాండ్ కెనాల్‌లో దాదాపు ప్రతి స్టాపులోనూ ఆగుతూ పోతుంది. స్టాపు కూడా నీళ్ళమీద తేలుతూ ఊగుతుంటుంది. పడవ వచ్చేసిందనుకుని స్టాపులోనే సీటు చూసుకుని కూర్చున్న వాళ్ళున్నారు. టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. మా ఆవిడ దాన్ని రూపాయల్లోకి మార్చి, "ఈ డబ్బుతో కాశీ వెళ్ళి రావచ్చు, స్లీపర్లో" అంది.

మరి గొండోలా? పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. అది నగరపాలక సంస్థ కట్టిన రేటు. బేరంలో బేగంబజారునే గడగడలాడించిన మా ఆవిడ అరగంట వాదించి, పడవ ఎక్కకుండానే అరగంట అయిపోయిందని గ్రహించి విరమించుకుంది.

విరుగుడు మావాడే కనిపెట్టాడు. గ్రాండ్ కెనాల్ మొత్తానికీ వంతెనలు నాలుగే. అందుకని కొన్ని రేవుల్లో "త్రగెత్తో" అనే బల్లకట్టు గొండోలాలు జనాన్ని ఇవతలినుంచి అవతలికి దాటిస్తాయి. మనలాంటి వాళ్ళకి మనిషికి 2 యూరోలు. పట్టు తివాసీలు, పాటలు ఉండవు. ముందొకడు, వెనకొకడు తెడ్లు వేస్తారు. ఊరివాళ్ళు కూర్చోరు, కూరగాయల సంచీతో అలాగే నిలబడతారు. మా ఆవిడా నిలబడింది, ఆర్టీసీ బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడ్డంత ధీమాగా. రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు. ఈలోగా మావాడు తీసిన ఫొటోలు ఇప్పటికీ మా బంధువుల వాట్సాప్ గ్రూపుని ఏలుతున్నాయి. 84 యూరోలు మిగిలిన సంగతి అందులో కనపడదు.

కాబట్టి, వెళ్ళబోయేవారికి నాలుగు ముక్కలు. సందుల్లో కుడిపక్కన నడవండి. వంతెన మధ్యలో ఆగి సెల్ఫీలు తీసుకోకండి, వెనక నీళ్ళపెట్టెల బండి ఉంటుంది. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ దగ్గర 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో ప్రవేశ రుసుం పుచ్చుకుంటున్నారు, ఆ రోజులు ముందే చూసుకోండి. హోటలు మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా, టిఫిను పెడతారా అన్నవి తర్వాత. స్టేషన్‌నుంచి ఎంత దూరమనీ అడగొద్దు. ఎన్ని వంతెనలని అడగండి. రెండు దాటితే ఇంకో హోటలు చూసుకోండి, లేదా ఆవకాయ ఇంట్లో వదిలేసి వెళ్ళండి.