చరిత్ర రాయాలంటే చెయ్యొద్దన్నవే చెయ్యి

మన నిజామాబాద్ జిల్లా మాక్లూర్‌లో ఓ పిల్లో పిల్లాడో చరిత్ర పుస్తకాలు, జీవితచరిత్రలు రాస్తానంటే పెద్దలు ఏం చెబుతారో నాకు తెలుసు. ముందు పీహెచ్‌డీ చెయ్యి, హైదరాబాద్ పోయి పాత దస్తావేజులు చూడు, కోపతాపాలు పక్కన పెట్టు, గొప్పవాడొకణ్ని ఎంచుకుని రాయి అంటారు. నా సలహాలన్నీ దీనికి ఎదురు. పండితులకు తప్పుగా తోచినా సరే, ఇవే చెబుతాను.

చరిత్రను ఉద్యోగం చేసుకోకు. సురవరం ప్రతాపరెడ్డి లా చదివారు, 1926 నుంచి గోలకొండ పత్రిక నడిపారు. విశ్వవిద్యాలయంలో కుర్చీ లేకుండానే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. అది 1949లో వచ్చింది. 1953లో ఆయన పోయారు. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి అవార్డు 1955లో ఆ పుస్తకానికే దక్కింది. పత్రికలో మామూలు పాఠకుడి కోసం రాసిన చెయ్యి కాబట్టే ఆ పుస్తకం ఇప్పటికీ చదివిస్తుంది.

శాసనం దొరికేదాకా ఆగకు. ప్రతాపరెడ్డి రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని వెతికారు. అందుకు ముఖ్యంగా కావ్యాలను ఆధారం చేసుకున్నారు: పాల్కురికి సోమన రచనలు, క్రీడాభిరామం, హంసవింశతి. కవుల మాట నమ్మొద్దని చరిత్ర శాఖలో చెబుతారు. నేను నమ్మమంటాను. నాయిక అందం గురించి అతిగా చెప్పే కవికి ఆమె తలకు రాసుకున్న నూనె గురించి అబద్ధమాడే అవసరమేముంది?

మన పసుపు చరిత్రకూ ఇదే దారి. ముసలి రైతు దగ్గర కూర్చుని అడుగు. బాయిలర్లు రాకముందు పసుపు ఉడికించిన కడాయి ఎవరిది? నిజామాబాద్ మార్కెట్ యార్డుకు ఎలా చేరవేసేవాళ్లు? కాడి పసుపుకు ఎంత, మండ పసుపుకు ఎంత అని ధర చెప్పిందెవరు? ఏ కూతురి పెళ్లి ఏ ఏటి పంటమీద అయింది? ఆయన సంవత్సరం తప్పు చెప్పొచ్చు. దిద్దకు. చెప్పింది చెప్పినట్టే రాసి, రికార్డులో ఏముందో పక్కనే రాయి. రెండూ ఎందుకు తేడాగా ఉన్నాయో ఆలోచిస్తే కొన్నిసార్లు అసలు కథ అక్కడే దొరుకుతుంది.

కోపంతోనే మొదలుపెట్టు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే ప్రతాపరెడ్డికి మండింది. ఆ మంట 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అయింది. అందులో 354 మంది కవులున్నారు. అవమానానికి తిట్టుతో కాక పేర్లతో జవాబిచ్చారు. నిష్పక్షపాతంగా ఊరుకుని ఉంటే ఆ పేర్లలో ఎన్ని మనదాకా వచ్చేవి?

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇది: ఒక్కడి జీవితచరిత్ర రాయకు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలని, పసుపుకు, ఎర్రజొన్నకు మద్దతు ధర కావాలని నామినేషన్లు వేశారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. దేశమంతా ఆ సంఖ్యను చూసి ఆశ్చర్యపోయింది, తర్వాత మరిచిపోయింది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైనప్పుడు నాయకుల పేర్లు మోగాయి. ఆ 178 మంది ఎవరు? ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు అఫిడవిట్ ఇవ్వాలి. అందులో వయసు, చదువు, భూమి, బంగారం, బ్యాంకు అప్పు అన్నీ ఉంటాయి. నిజాం కాలం రైతు గురించి ఇంత వివరం దొరికితే చరిత్రకారులు కళ్లకద్దుకునేవాళ్లు. ఇప్పటిది కాబట్టి ఎవరూ ముట్టుకోవడం లేదు. మనుషులు బతికుండగా చరిత్ర రాయకూడదంటారు; బతికుండగానే రాయి. అఫిడవిట్‌లోని అప్పు లెక్క చేతపట్టుకుని ఆ గడప తొక్కు. ఇష్టమైతేనే చెప్పమను. డిపాజిట్ డబ్బు ఎక్కడిదో, ఇంట్లోవాళ్లు ఏమన్నారో అడుగు. ఇంటికి రెండు పేజీలు చాలు.

పెద్ద ప్రచురణ సంస్థ కోసం కూడా ఎదురు చూడకు. వట్టికోట ఆళ్వారుస్వామి పెద్ద చదువులు లేకుండానే 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు, పుస్తకాలు తానే మోసుకెళ్లి అమ్మారు. నువ్వూ సన్నటి పుస్తకం వేసి పసుపు సీజన్‌లో యార్డుకు తీసుకుపో. తూకం కోసం రైతులు గంటల తరబడి కూర్చుంటారు. చదవడం రానివాళ్లకు వాళ్ల ఊరి పేజీ గట్టిగా చదివి వినిపించు. తప్పుంటే అక్కడే పట్టుకుంటారు. రాసుకొచ్చి రెండో ముద్రణలో వెయ్యి.