మామిడి తాండ్రను కాను

ఊడవడానికి వచ్చిన అక్క నన్ను చూసి, "ఎవరో మామిడి తాండ్ర వదిలేసి పోయారు" అంది. ఆమె తప్పేముంది? పచ్చగా, పల్చగా, అంచులు లేచిపోయి ఎండి ఉన్నాను. నేను హైడ్రోజెల్‌ని, పుండు మీద వేసే కట్టుని. ఒకప్పుడు నా ఒంట్లో పదింట తొమ్మిది పాళ్ళు నీళ్ళే.

ఒళ్ళిచ్చింది సముద్రపు నాచు. అందులోంచి తీసిన ఆల్జినేట్‌కి కాల్షియం తగలగానే జున్నులా బిగుసుకున్నాను. గుణమిచ్చింది పసుపు. అందులోని కర్క్యుమిన్ నీళ్ళలో ఓ పట్టాన కరగదు. నన్ను చేసిన పరిశోధక విద్యార్థిని దాన్ని ఆల్కహాల్‌లో కరిగించి నాలో కలిపింది.

మాది చిన్న వంశం కాదు. పుండు ఆరితేనే మానుతుందని అందరూ నమ్మే రోజుల్లో, 1962లో, జార్జి వింటర్ అనే పరిశోధకుడు పందుల గాయాలు పరీక్షించి, తడి ఆరకుండా కప్పినచోట కొత్త చర్మం దాదాపు రెండింతలు త్వరగా వస్తుందని చూపించాడు. ఇక మా పసుపు! గాయాలకు దాన్ని వాడటంపై 1995లో అమెరికా పేటెంటు ఇచ్చేస్తే, మన దేశపు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఏ నాయనమ్మనడిగినా ఒక్క పూటలో తేల్చేసేది.

ఇంత వంశంలో పుట్టి నేనేం చూశాను? నాలోంచి చొక్కా గుండీ అంత ముక్క కోసి, బాక్టీరియా అలికిన గాజు పళ్ళెంలో పెట్టి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచారు. తెల్లారేసరికి దాని చుట్టూ బాక్టీరియా పెరగని సన్నని ఖాళీ వలయం. ఇంకో మిల్లీమీటరు రాకపోతుందా అని ఆ పిల్ల మూడుసార్లు స్కేలు పెట్టింది. కరగని కర్క్యుమిన్ ఎంత దూరమని పాకుతుందమ్మా! ఫొటో తీసుకున్నారు. ముక్కను పారేశారు. మిగిలిన నన్ను కిటికీ దగ్గర మరిచిపోయారు.

వెలుగు తగిలితే కర్క్యుమిన్ పాడవుతుంది, రేకు చుట్టి ఉంచాలి అని ఆమే థీసిస్‌లో రాసింది. నాకు మాత్రం చుట్టలేదు.

షుగరు పుండుకు గుడ్డ చుట్టుకుని వాచ్‌మన్ తాత రోజూ రాత్రి ఈ కిటికీ కిందే కూర్చునేవాడు. నన్ను తీసి నేరుగా వేసేయకూడదని నాకూ తెలుసు. మనుషుల మీద పరీక్షలు జరగాలి, అనుమతులు రావాలి. మావాళ్ళలో చాలామంది ఆ గడప దాకా కూడా వెళ్ళరు. అయినా ఆ కాలు చాపినప్పుడల్లా అటే చూసేదాన్ని.

అక్క తడిగుడ్డ పిండుతుంటే రెండు చుక్కలు నా మీద పడ్డాయి. ఆ మూల కాస్త మెత్తబడింది. ఆమె గమనించలేదు, చీపురుతో చేటలోకి నెట్టింది.