స్క్రూడ్రైవర్ ధర్మశాస్త్రం

స్క్రూ తిప్పితే ఊడివచ్చేదంతా అమ్మినవాడిది. గునపం పెడితేగానీ రానిది కొన్నవాడిది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పాత ఫ్లాట్ల బేరాలను నడిపిస్తున్న అసలు చట్టం ఇదే. దీన్ని ఏ శాసనసభా ఆమోదించలేదు, ఏ గెజిట్లోనూ అచ్చు కాలేదు. అయినా ఇంటి తాళాలు చేతులు మారే రోజున దీనికున్నంత చెలామణి ఇంకే చట్టానికీ లేదు. దీనికి వ్యాఖ్యానకర్త సామాన్లు మోసే లారీతో వచ్చిన కుర్రాడు. చేతిలో డ్రిల్లింగ్ మిషను, పళ్ల మధ్య రెండు స్క్రూలు. "సార్, ఇది కూడా విప్పాలా?" అని అడుగుతాడు. "విప్పెయ్ బాబూ, అది మనదే" అంటారు సారు.

ఈ "మనదే" అన్నమాట అడ్వాన్సు పుచ్చుకునే ముందు ఎవరి నోటా వినపడదు. అప్పుడంతా "మీదే". ఇల్లు చూడవచ్చిన కుర్ర దంపతులను గదిగదికీ తిప్పి మరీ చూపిస్తారు. "ఈ కబోర్డులన్నీ దగ్గరుండి చేయించాం బాబూ. వంటింటి వుడ్‌వర్క్‌కే ఆరు లక్షలైంది. చిమ్నీ ఉంది, హాబ్ ఉంది, మూడు బాత్రూముల్లోనూ గీజర్లున్నాయి. దోమలు రాకుండా కిటికీలన్నిటికీ మెష్ వేయించాం. మీరు బట్టల పెట్టెతో వచ్చి పాలు పొంగించుకోవడమే తరువాయి." ఆ అమ్మాయి చిమ్నీ వంక చూస్తుంది. ఎనభై రెండు లక్షల దగ్గర ఆగుదామనుకున్న అబ్బాయి ఎనభై ఎనిమిదికి తలూపుతాడు. పై ఆరు లక్షలు దేనికని ఎవరైనా అడిగితే మధ్యవర్తి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఇంటీరియర్స్ రెడీగా ఉన్నాయి కదండీ!"

రిజిస్ట్రేషన్ అవుతుంది. డబ్బు ఖాతాలో పడుతుంది. పిల్లల పరీక్షలయ్యాక ఖాళీ చేస్తామని ఒక నెల గడువు అడుగుతారు. ఆ నెలలో ఇంటికి మెల్లగా వైరాగ్యం పడుతుంది.

కొత్త యజమాని తాళం తీసి లోపలికి వెళ్తాడు. హాల్లో ఫ్యాను ఉండాల్సిన చోట ఒక కొక్కెం, రెండు తీగలు, వాటి మొనలకు నల్ల టేపు. గీజర్లున్న చోట రెండేసి పైపులు, వాటి నోళ్లలో ప్లగ్గులు. చిమ్నీ లేదు, అది పొగ వదిలిన గుండ్రటి కన్నం మాత్రం ఉంది, అందులోంచి ఒక పావురం అప్పుడే లోపలికి తొంగిచూస్తోంది. హాబ్ కోసమని గ్రానైట్ రాయిలో కోసిన చోట ఇప్పుడు చేతులు దూరేంత ఖాళీ. కర్టెన్ రాడ్లు పోయాయంటే సరే, వాళ్ల కర్టెన్లు, వాళ్ల కొలతలు. బాల్కనీలో బట్టలారేసే కప్పీ తాళ్లు పోయాయంటే అదీ సరేననుకుందాం. కాలింగ్ బెల్లు ఏమైంది? దాని ఖరీదు మూడు వందలు. పడకగది కబోర్డు తలుపులకున్న ఇత్తడి పిడులు ఏమయ్యాయి? అన్నిటికన్నా ఘనమైన ఘట్టం మరుగుదొడ్లో ఉంది. తాము ఏళ్ల తరబడి వాడిన హెల్త్ ఫాసెట్‌ను విప్పి, కాగితంలో చుట్టి, కొత్తింటికి మోసుకుపోయిన వారి అనుబంధానికి రెండు చేతులూ జోడించాల్సిందే.

సొంత స్థలంలో కట్టుకున్న ఇళ్లలో ఈ శాస్త్రం ఇంకా లోతుకు దిగుతుంది. అక్షరాలా లోతుకే, బోరులోంచి మోటారును పైకి లాగేదాకా. మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు దిగుతుంది. సోలార్ హీటరు దిగుతుంది. మామిడిచెట్టుకు స్క్రూలు లేవు కాబట్టి అది ఉండిపోతుంది. అయినా ఏప్రిల్‌లో గోనెసంచితో వచ్చి, "పూత మేమున్నప్పుడే వచ్చింది బాబూ, ఈ ఏడు కాపు మాదే" అనే మహానుభావులున్నారు.

అబ్బాయి ఫోన్ చేస్తాడు. "అంకుల్, గీజర్లు కనపడటం లేదు."

"అవి మావి కదా బాబూ. మేం డబ్బు పెట్టి కొనుక్కున్నాం."

"ఇల్లు కూడా మీరు డబ్బు పెట్టి కొనుక్కున్నదే కదా అంకుల్."

అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "మీ ఆంటీకి వేణ్ణీళ్లు పడకపోతే మోకాళ్లు పట్టేస్తాయి బాబూ" అని వినపడుతుంది. దీనికి జవాబు చెప్పగల లాయరు ఇంకా పుట్టలేదు.

"మేం కొనుక్కున్నాం" అన్నదే ఈ శాస్త్రానికి మూలసూత్రం. గోడలు, నేల, తలుపులు ఆకాశంనుంచి ఊడిపడినట్టూ, ఫ్యానొక్కటే కష్టార్జితమైనట్టూ ఉంటుంది ఈ వాదన. అసలు చట్టం ఏమంటుందో చూద్దాం. అది కొత్తదేం కాదు. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. దాని 8వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అమ్మితే దానితోపాటు తాళాలు, తాళంచెవులు, అడ్డకమ్మీలు, తలుపులు, కిటికీలు, ఇంటితో కలిపి శాశ్వతంగా వాడుకోవడానికి ఏర్పాటుచేసిన ఇతర వస్తువులు అన్నీ కొన్నవాడికే పోతాయి. ఇల్లు అమ్మితే తాళంచెవి కూడా ఇవ్వాలని చట్టంలో విడిగా రాయాల్సి వచ్చిందంటే, దాన్ని రాసినవారికి అమ్మేవాళ్ల స్వభావం బాగానే తెలిసి ఉండాలి. అదే చట్టం 3వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. నేలలో పాతుకున్న గోడకు ఒక వస్తువును బిగించారనుకోండి. ఆ ఇంటిని శాశ్వతంగా, సుఖంగా అనుభవించడం కోసమే బిగించి ఉంటే, అది కూడా భూమికి అంటుకున్నదాని కిందే లెక్క.

కరెంటు ఫ్యాను అప్పటికి మన ఇళ్లకు రాలేదు. దొరల బంగళాల్లో పంఖా లాగే మనిషి ఉండేవాడు. ఇల్లు అమ్మితే పంఖా పోతుందా ఉంటుందా అన్నది చట్టం చెప్పలేదు కాబట్టి ఫ్యాను కేసు ఈనాటికీ కొంచెం ఊగుతూనే ఉంటుందని ఒప్పుకుంటాను. కొక్కేనికి వేలాడేది, రెండు నిమిషాల్లో దిగేది. ఏసీ కూడా అలాంటిదే. కానీ వంటింటి గోడలకు కొలతలు తీసి, ఆ గోడకోసమే కోసి, దానికే బిగించిన కబోర్డు సంగతి అలా కాదు. దాన్ని విప్పి తీసుకెళ్తే అక్కడ గోడ చెడుతుంది, కొత్త వంటింట్లో అది పట్టదు. అమ్మినవారికీ కొన్నవారికీ దక్కకుండా చివరికి పాత సామాన్ల బండి ఎక్కుతుంది.

బిగించినవి విప్పుకుపోయే హక్కు చట్టంలో బొత్తిగా లేదనుకోకండి. ఉంది. 108వ సెక్షన్లో దాన్ని ఇచ్చింది అద్దెకున్నవాడికి. ఇల్లు ఖాళీ చేసేలోగా తాను బిగించుకున్నవి తీసుకెళ్లొచ్చు. అయితే తాను దిగినప్పుడు ఇల్లు ఎలా ఉందో అలా అప్పగించి పోవాలి. అంటే గోడలో డజను కన్నాలు వదిలిపోకూడదు. పాతికేళ్లు సొంత ఇంట్లో యజమానిగా బతికి, అద్దెకొచ్చినవాళ్ల చేత గోడకు మేకు కొట్టనివ్వని పెద్దమనిషి, ఖాళీ చేసే రోజున మాత్రం అద్దెదారు హక్కులు పుచ్చుకుంటాడు. ఆ హక్కుతో వచ్చే షరతును మాత్రం పుచ్చుకోడు.

ఇక ఈ చెక్కపనికున్న కామరూప విద్య చూడండి. బేరం దగ్గర అది ఇంట్లో విడదీయరాని భాగం, అందుకే ఆరు లక్షలు ఎక్కువ. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కేసరికి అది ఇంటికి ఏమీ కాదు. "దానికి వేరే అగ్రిమెంటు రాసుకుందాం బాబూ, ఫర్నిచర్ కింద చూపిద్దాం" అంటారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే ఏడున్నర శాతం పడుతుంది. ఆరు లక్షల మీద నలభై అయిదు వేలు మిగులుతాయి కాబట్టి కొనేవాడూ ఈ మాయకు తాళం వేస్తాడు. ఆదాయపు పన్ను లెక్కలో మూలధన లాభం తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు అదే చెక్కపని మళ్లీ ఇంట్లో భాగమై "ఇంటిని మెరుగుపరిచిన ఖర్చు" గా నిలబడుతుంది. ఖాళీ చేసే రోజున లారీ వచ్చేసరికి మళ్లీ చరాస్తి. ఒకే చెక్క, నాలుగు వాకిళ్ల దగ్గర నాలుగు రూపాలు.

ఇది ఫ్లాట్ల వాళ్లు కనిపెట్టిన విద్య అనుకుంటే పొరపాటు. కాన్పూర్‌లో ఒక ఎరువుల కర్మాగారం చేతులు మారినప్పుడు, కొన్న డంకన్స్ ఇండస్ట్రీస్ ఇదే వాదన పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. యంత్రాలు చరాస్తులే, వాటిని చేతికి చేతిగా ముందే ఇచ్చేశారు, దస్తావేజులో వాటికి స్టాంపు డ్యూటీ ఎందుకని అడిగింది. పునాదులు పోసి నేలకు బిగించిన కర్మాగారాన్ని చేతికి చేతిగా ఇవ్వడమేమిటో నాకైతే ఊహకు అందదు. కోర్టుకూ అందలేదు. ఎరువుల తయారీకోసం శాశ్వతంగా నెలకొల్పిన ఆ యంత్రాలు స్థిరాస్తేనంది. అంత పెద్ద కర్మాగారమే ఆ పరీక్షలో నెగ్గలేకపోతే, గోడకు ఎనిమిది స్క్రూలతో కరుచుకున్న చిమ్నీ ఎక్కడ నెగ్గుతుంది?

కొనేవారిని కూడా కాస్త పలకరించకపోతే అన్యాయమవుతుంది. గీజరు కోసం ఫోన్లలో అరిచి, మధ్యవర్తిని కూర్చోబెట్టి, అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అమ్మినవారి పరువు తీసి, చివరికి గెలిచినవారిని చూశాను. ఆ తర్వాత వాస్తు పండితుడు వచ్చి పొయ్యి ఆగ్నేయంలో లేదంటాడు. మొత్తం వంటిల్లు పీకేస్తారు. ఇంటీరియర్ డిజైనర్ వచ్చి ఈ రంగు పాతబడిందంటాడు. కబోర్డులు పోతాయి. యుద్ధం చేసి తెచ్చుకున్న గీజరు "సెకండ్ హ్యాండ్‌ది, మనకెందుకులే" అని వాచ్‌మన్‌కు దానమవుతుంది. వాచ్‌మన్ గదిలో దానికి నీళ్ల పైపు ఉండదు.

కొత్త ఫ్లాట్లలో స్క్రూడ్రైవర్ అవసరమే లేదు, అక్కడ ఊడదీయడానికి ముందు ఏదో ఒకటి బిగించాలి కదా. మోడల్ ఫ్లాటులో ఫలానా విదేశీ కంపెనీ కుళాయి తళతళలాడుతుంది. బ్రోషర్లో మాత్రం "ఫలానా కంపెనీది లేదా తత్సమానమైనది" అని ఉంటుంది. ఆ తత్సమానం ఏమిటో తాళాలు చేతికొచ్చాక తిప్పితే తెలుస్తుంది. ఒక్కోసారి తిప్పితే చేతికే వస్తుంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ దీన్ని ఊహించే రాసింది. ప్లాన్లూ స్పెసిఫికేషన్లే కాదు, వాటిలో చెప్పిన ఫిట్టింగుల రకాన్ని కూడా కొన్నవాడి అనుమతి లేకుండా మార్చకూడదు. మోడల్ ఫ్లాట్ చూసి నమ్మి డబ్బు కట్టినవాడు అది అబద్ధమని తేలితే పరిహారం అడగొచ్చని 12వ సెక్షన్ చెబుతుంది. చట్టం బిల్డరును కట్టింది. రెండోసారి అమ్మే అంకుల్ గారు ఈ చట్టం పరిధిలోకి రారు. ఆయనకు మిగిలింది 1882 ఒక్కటే, దాన్ని ఆయన చదవలేదు.

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న మనవాళ్లెవరినైనా అడగండి. అక్కడ అమ్మేవాడు టీఏ10 అని ఒక ఫారం నింపుతాడు. గదిగదికీ ఏది ఉంచుతున్నాడో, ఏది తీసుకెళ్తున్నాడో టిక్కు పెట్టాలి. కర్టెన్ రాడ్లు, స్నానాలగది అద్దం, చివరికి టాయిలెట్ కాగితం తగిలించే గూడు కూడా ఆ జాబితాలో ఉంటుంది. దీపం తీసుకెళ్తే దాని చోట హోల్డరు, బల్బు పెట్టి క్షేమంగా వదిలిపోవాలని కూడా అందులోనే రాసి ఉంటుంది. తెల్లవాళ్లు మనకన్నా ఉదారులని నేననను. బల్బు కూడా విప్పుకుపోయేవాళ్లు అక్కడా ఉండబట్టే ఆ వాక్యం పుట్టి ఉంటుంది. కాకపోతే వాళ్లు బల్బు సంగతి ఒప్పందం మీద సంతకాలు కాకముందే తేల్చుకుంటున్నారు.

మన దస్తావేజులో ఇది ఎక్కడా ఉండదు. తూర్పున ఫలానా వారి ఫ్లాటు, పడమర కారిడార్, ఉత్తరాన ఆకాశం, దక్షిణాన లిఫ్టు. అవిభాజ్య వాటా ఎన్ని గజాలో, కారు పార్కింగ్ ఎక్కడో, అన్నీ రాస్తారు. చిమ్నీ ఊసు మాత్రం రాదు. రాయకపోతేనేం, 8వ సెక్షన్ ఉంది కదా అంటారా? అదే సెక్షన్ మొదట్లో ఒక చిన్న మినహాయింపు కూడా ఉంది: వేరే ఉద్దేశం ఉందని చెప్పుకుంటే తప్ప. కాబట్టి అమ్మేవారు గీజరు తీసుకెళ్లడం నేరమేమీ కాదు. మోకాళ్ల నొప్పులున్నాయని ముందే చెబితే ఏ కుర్రాడూ కాదనడు, గీజరు ఖరీదు తగ్గించుకుని పోతాడు. చెప్పరు, ఎందుకంటే చెబితే ఆ ఖరీదు తగ్గుతుంది. ధర కట్టేటప్పుడు వస్తువును చూపించి, డబ్బు అందాక వస్తువు మనదనడం అమాయకత్వం కాదు, మరపూ కాదు. అది పచ్చి మోసం, కాకపోతే చిన్న మొత్తంలో చేస్తాం కాబట్టి పెద్దమనిషి తరహాగా చెల్లిపోతోంది.

మూడు గీజర్ల కోసం సివిల్ కోర్టుకు వెళ్లమని ఎవరికీ సలహా ఇవ్వను. లాయరు మొదటి ఫీజుతోనే నాలుగో గీజరు వచ్చేస్తుంది. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఫోన్ పట్టుకుని ఇల్లంతా ఒకసారి వీడియో తీయండి. ఒక తెల్లకాగితం మీద గదివారీగా ఉండేవి, పోయేవి రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి అగ్రిమెంటుకు జతచేయండి. చివరి యాభై వేలు మాత్రం తాళాలు తీసుకున్న రోజున, ఆ కాగితం పట్టుకుని అన్ని గదులూ తిరిగాకే ఇస్తామని అందులోనే రాయించండి. "మా మీద నమ్మకం లేదా బాబూ?" అని అంకుల్ గారు నొచ్చుకుంటారు. "ఉంది అంకుల్, ఇక్కడ సంతకం పెట్టండి" అనండి.