ఇంట్లో రచయిత పుట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

బజారు నుంచి పకోడీల పొట్లం ఇంటికి రాగానే మొదటి జాగ్రత్త తీసుకోవాలి. పకోడీలు పళ్లెంలో పోసి, ఆ కాగితాన్ని వెంటనే ఉండచుట్టి పారెయ్యాలి. ఏమాత్రం ఆలస్యమైనా అది పదేళ్ల పిల్లాడి చేతికి చిక్కుతుంది. వాడు దాన్ని మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేస్తాడు. నూనె మరకలో రెండువైపుల అక్షరాలూ కలిసిపోయిన చోట, దీపానికి ఎత్తిపట్టి కూడబలుక్కుంటాడు. కథలో ఎవరో అర్ధరాత్రి తలుపు కొడుతుంటారు. తలుపు తెరుచుకునేలోపు ‘తరువాయి 42వ పేజీలో’ అని ఉంటుంది. ఆ 42వ పేజీ ఏ మిరపకాయ బజ్జీలు మోసుకుని ఎవరింటికి వెళ్లిందో! ఆ రాత్రి వాడికి నిద్రపట్టదు. చివరికి ఆ తలుపు తనే తీస్తాడు. ఇక వాణ్ని ఎంత ఖర్చుపెట్టి ఇంజినీరింగు చదివించినా పూర్తి ఇంజినీరు కాడు.

మంచి పుస్తకాలు చదివితే పిల్లలు రచయితలైపోతారని కొందరు తల్లిదండ్రులు అనవసరంగా కంగారుపడతారు. స్కూలు వార్షికోత్సవంలో బహుమతిగా ఇచ్చే నీతికథల పుస్తకం వల్ల ఎవరికీ ఏ హానీ జరగదు. దాని అట్ట కూడా నలగదు. ప్రమాదమంతా సగంలో ఆగిపోయే వాటితోనే.

ఈ లెక్కన తెలుగు ఇళ్లకు ‘చందమామ’ చేసినంత అపకారం మరే పత్రికా చేయలేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో దాన్ని మొదలుపెట్టారు. అందులో బేతాళుడు కథ చెప్పి, ఒక చిక్కుప్రశ్న వేసి, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని విక్రమార్కుణ్ని బెదిరించేవాడు. జవాబు ఆ కిందే అచ్చయి ఉన్నా, దాన్ని చేత్తో మూసుకుని తమ తీర్పు తాము చెప్పుకున్న పిల్లలు వీధికి నలుగురైనా ఉండేవారు. రాజుగారి జవాబు నచ్చక పోట్లాడినవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

దానికి తోడు ఆ భాష. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయన చేతిమీదుగా వెళ్లిన వాక్యం మంచినీళ్లలా ఉండేది. ‘ఇంతేనా, ఇలా నేనూ రాయగలను’ అనిపించేది. ఇంతకంటే మోసకారి వాక్యం ఉండదు. గ్రాంథికం చూసి జడుసుకునే పిల్లాడు కనీసం బుద్ధిగా లెక్కలు చేసుకుంటాడు.

ఇక సీరియళ్లు. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ఏళ్ల తరబడి సాగిన జానపద సీరియళ్లు ఎక్కువగా దాసరి సుబ్రహ్మణ్యం రాసినవే. హీరోని మొసలి నోటి ముందో కొండ అంచునో వదిలేసి నెలరోజులు ఆగమంటే పిల్లలు ఆగుతారా? బడికి వెళ్లే దారిలో ఒకడు హీరోకి తాడు అందించేవాడు, ఇంకొకడు ఏకంగా మొసలికే శాపవిమోచనం చేయించేవాడు. పైగా ఆ సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు. కథలు రాసే ఉద్యోగం ఒకటుందని పిల్లలకు తెలియకపోవడం నిజానికి మంచిదే. కానీ కొందరు గడుసు పిల్లలు ఆ ఖాళీలో తమ పేరు రాసి చూసుకున్నారు.

పిల్లాడు ‘అమ్మ మాట వినకపోతే’ లాంటి పేరుతో కథ రాస్తే బుద్ధిమంతుడే అని మురిసిపోకూడదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు నడిపిన ‘బాల’లో 1945లో సరిగ్గా ఆ పేరుతోనే ఒక కుర్రాడి తొలి కథ వచ్చింది. ఆ కుర్రాడు ముళ్లపూడి వెంకటరమణ. తర్వాత పదకొండేళ్లకు ఆయన కలం నుంచి ‘బుడుగు’ అనే అల్లరి పిల్లాడు పుట్టుకొచ్చాడు. అమ్మ మాట వినకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లందరికీ అప్పుడు తెలిసింది.

ఇంట్లో పుస్తకాలే లేకపోతే గొడవ వదిలిపోతుందనుకోవడానికీ లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి బాల్యంలో సొంత పుస్తకాలు కొనే స్తోమతే లేదు. ఒక మాస్టారి ఇంట్లో పనిచేస్తూ చదువు నేర్చుకున్నారు. ఫలితం? 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం రాజ్యంలో ఊరూరా పుస్తకాలు మోసుకెళ్లి అమ్మారు. అంతటితో ఆగక ‘ప్రజల మనిషి’ నవల రాశారు.

నిషేధం సంగతి చూద్దాం. అద్దె పుస్తకాల షాపు ఉన్న వీధిలో ఇల్లు తీసుకున్న తండ్రికి ఒకరోజు అనుమానం వస్తుంది.

“ఒరేయ్, ఆ సోషల్ పుస్తకం ఏంట్రా అంత లావుగా ఉంది?”

“ప్రపంచ పటం మడిచి పెట్టా, నాన్నా.”

మడిచి పెట్టింది మధుబాబు షాడో నవల. షాపులో యాభై చేతులు మారిన పుస్తకం కాబట్టి ఆఖరి రెండు పేజీలు ఉండవు. కొమ్మూరి సాంబశివరావు నవలైనా అంతే: డిటెక్టివ్ యుగంధర్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి “హంతకుడు...” అనగానే అట్ట వచ్చేస్తుంది. తండ్రి ఆ పుస్తకం లాక్కుంటే ఇంకో పది పేజీలు ఖాళీ అయినట్టు. లాక్కోకపోతే రెండే. కాబట్టి లాక్కోకపోవడమే లాభం.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా రోగం ముదిరితే లక్షణాలు ఇలా ఉంటాయి. పిల్లాడు కాగితానికి ఒకవైపే రాస్తాడు. ఎడమవైపు మార్జిను వదులుతాడు. ‘ఈ కథ నా స్వంతం, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు’ అని హామీపత్రం రాసి సంతకం ప్రాక్టీసు చేస్తాడు. తిరుగు టపాకు కవరు మీద స్టాంపులు అంటిస్తాడు. పోస్ట్‌మాన్ చేతిలో ఏముందో వీధి చివర్నుంచే పోల్చుకుంటాడు: లావుపాటి కవరైతే కథ తిరిగొచ్చినట్టు, కార్డు ముక్కైతే అచ్చుకు తీసుకున్నట్టు. ఈ దశలో చేయగలిగిందల్లా లావుపాటి కవర్లు రావాలని మొక్కుకోవడమే. ఎందుకంటే అచ్చయిన కథను వెనక్కి తీసుకోవడం కుదరదు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచిందే అచ్చయిన తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చడానికి. పదిహేనేళ్లప్పుడు రాసిన కథకు రచయిత ఎంత సిగ్గుపడినా, కథానిలయం వాళ్లు మాత్రం దాన్ని భద్రంగా దాస్తారు.

ఆఖరి జాగ్రత్త. పిల్లాడు దాచిన నోటుపుస్తకం కోసం అటక ఎక్కినప్పుడు, ఇత్తడి బిందెల వెనక గుడ్డసంచిలో ఉన్నదాన్ని మాత్రం కదపకూడదు. అది వారపత్రికలోంచి వారం వారం కత్తిరించి, దబ్బనంతో కుట్టుకున్న పాత సీరియల్. అందులో పదిహేడో వారం దొరకలేదు. దాని స్థానంలో నాలుగు రూళ్ల కాగితాలు కుట్టి ఉంటాయి, నీలం సిరాతో, ఒకవైపే రాసి, ఎడమవైపు మార్జిను వదిలి. ఆ దస్తూరీ నాన్నగారిది.